ఒక్క పూటలో పన్నెండు నెలలు

ఆ ఏడాది సేనాపతులందరికీ ఒక్కసారే తలనొప్పి వచ్చినట్టుంది. ముందు ఒకడు నుదుటికి తెల్లటి గుడ్డపేలిక కట్టుకున్నాడు. అది చూసి ఇంకొకడు కట్టుకున్నాడు. ఆ పేలికే కిరీటమట. అది కట్టుకున్నవాడు రాజట. లోకం సగం గెలిచిన మహారాజు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఆయన వెనక ఒక పసివాడు ఉండేవాడు, వాడూ పోయాడు. ఎలా పోయాడని ఎవరూ అడగలేదు. అడిగినవాళ్ళూ పోయారు. ఇంక అడ్డం ఏముంది? గుడ్డ ఉన్నవాడల్లా చింపి కట్టుకున్నాడు.

మా వీధి కుమ్మరికి నిజంగానే తలనొప్పి వచ్చి, నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఊరి సభవాళ్ళు వచ్చి, "ఏ రాజ్యం మీద హక్కు చెబుతున్నావు?" అని విచారణ మొదలుపెట్టారు. పాపం, వాడు గుడ్డ విప్పి వాళ్ళకిచ్చేసి, తలనొప్పి తను ఉంచుకున్నాడు.

మాది హలోన. సముద్రం ఒడ్డున చిన్న రేవు. మా మగవాళ్ళు సముద్రం అడుక్కి మునిగి స్పాంజీలు కోసుకొస్తారు. గొప్పవాళ్ళు వాటితో ఒళ్ళు రుద్దుకుంటారు, సైనికులు ఇనపటోపీ లోపల మెత్తగా ఉంటుందని పెట్టుకుంటారు. రాజులు ఎంతమంది పెరిగితే టోపీలు అన్ని పెరుగుతాయి కదా, ఆ లెక్కన మేం బాగుపడాల్సిందే. కానీ రాజులకి టోపీలు మాత్రమే చాలవు. నెలలు కూడా కావాలి. ఆ సంగతే చెబుతున్నాను.

మా ఊళ్ళో పెళ్ళిళ్ళు హేరా అమ్మవారి నెలలోనే చేస్తాం. నడి చలికాలం. సముద్రం మూతపడి ఉంటుంది, మా పడవలు కదలవు, మగవాళ్ళందరూ ఒడ్డున ఉంటారు, పెళ్ళికొడుకు దొరుకుతాడు. మిగతా నెలల్లో చేసుకుంటే ఎవరూ కొట్టరు గానీ, ఆ తర్వాత పుట్టిన పిల్లల్ని వంశపెద్దలు వంశంలో కలుపుకోరు. వాళ్ళకి ఊరూ ఉండదు, పేరూ ఉండదు. అందుకని పెళ్ళి మాసం అంటే మా ఆడవాళ్ళకి ప్రాణం.

నా మనవరాలు మిర్తోకి ఆ ఏడు సంబంధం కుదిరింది. దానికి అమ్మా నాన్నా లేరు, నా చేతుల మీదే పెరిగింది. పెళ్ళికొడుకు లాంపోను, స్పాంజీలు కోసే కుర్రాడు. నీళ్ళ అడుగున ఎంతసేపైనా ఊపిరి బిగపట్టగలడు, ఒడ్డు మీద మాత్రం నా మనవరాలి ముందు నిలబడితే ఊపిరి ఆడదు. పిల్లకి నచ్చాడు, నాకూ నచ్చాడు. పెళ్ళి మాసం వస్తే చాలు, ఇంటిల్లిపాదీ సిద్ధం.

అప్పుడు ఆ పేలిక రాజుల్లో ఒకడైన థెరాను ఓడలొచ్చాయి. యుద్ధం ఏమీ జరగలేదు. రేవులో ఓడలు కనపడగానే మా సభ గుమ్మాలు తెరిచేసింది.

సభామండపం మెట్ల దగ్గర నేను వేయించిన శనగలు అమ్ముతాను. ఆడవాళ్ళం లోపల మాట్లాడకూడదు గానీ, బయట కూర్చుని వినకూడదని ఎవరూ అనలేదు. మా సభకి పెద్దనోరు పెరిలావు. నడివయసువాడు, పెళ్ళి చేసుకునే తీరిక దొరకనివాడు, మంచి ఒడ్డూ పొడుగూ, చక్కటి గొంతు. ఎవరింట్లో పొయ్యి ఆరిపోయినా దాని మీద ఒక తీర్మానం చెయ్యగలడు. ఆవేళ లేచి నిలబడి భుజం మీద వస్త్రం సవరించుకున్నాడు.

"పౌరమహాశయులారా! మన రక్షకులూ, దేవసమానులూ, సమానులేమిటి, సాక్షాత్తూ దేవులే అయిన థెరాను మహారాజుగారికి ఒక విగ్రహమూ, ఒక బలిపీఠమూ, సంవత్సరంలో ఒక మాసమూ సమర్పించుకోవడం మన కనీస ధర్మమని ఇందుమూలముగా ప్రతిపాదించడమైనది."

చేపలమ్మే కర్కినో లేచాడు. పెళ్ళాం పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి, నోటికి భయం లేదు. "పన్నెండు నెలలూ పన్నెండుమంది దేవుళ్ళ పేర ఉన్నాయి గదయ్యా. ఎవరిది లాక్కుంటావు?"

"సముచితమైన ప్రశ్న. సముద్రదేవుడి మాసం తీసుకుంటే పడవలు ముంచును. ద్రాక్షసారా దేవుడి మాసం తీసుకుంటే ఈ సభాసదులే ఒప్పుకోరు."

"ఒప్పుకోం, ఒప్పుకోం" అని లోపల నించి గట్టిగా వినిపించింది.

"కనుక హేరా అమ్మవారి మాసమే శ్రేయస్కరం. అమ్మవారు ఇల్లాలు. సర్దుకుపోవడం ఆవిడకి కొత్త కాదు."

అందరూ చేతులెత్తారు. పెళ్ళి మాసం థెరాను మాసమైపోయింది. అమ్మవారి నెలని ఆ తర్వాతి నెలకి జరిపారు. విగ్రహం పోత పోయించే తీరిక లేక, వ్యాయామశాలలో ముక్కు విరిగిన మల్లయోధుడి బొమ్మ ఒకటుంటే దాని కింద థెరాను పేరు చెక్కించారు. రాజుగారి దూత వచ్చి చూసి, "అచ్చం మా ప్రభువే" అని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒక్క నెలేగా అమ్మమ్మా, ఆగుదాం" అంది మిర్తో. లాంపోను పక్కనే నిలబడ్డాడు. వాడికి ఊపిరాడటం లేదు.

థెరాను మాసం ముగింపుకి వచ్చిందో లేదో, థెరాను సముద్రం మీద ఓడిపోయాడు. ఓడించినవాడు మెలాంథు. అతనికీ నుదుటి మీద పేలిక ఉంది, ఇంకాస్త వెడల్పు. మెలాంథు ఓడలొస్తున్నాయని తెలియగానే మా సభ పగలంతా కూర్చుంది. సాయంత్రానికి దండోరా వేయించారు.

"థెరాను అనే దొంగ పేర జరిగినట్టు చెప్పబడుతున్న మాసం జరగలేదని ఇందుమూలముగా యావన్మంది పౌరులకూ తెలియజేయడమైనది! ఎవరైనా జరిగిందని అన్నచో శిక్షార్హులు!"

బొమ్మ కింద పేరు చెక్కినతనే వచ్చి దాన్ని మైనంతో పూడ్చిపోయాడు. నెల జరగలేదన్నాక ఆ నెలలో జరిగినవేవీ జరగలేదు. ఆ నెలలో పుట్టిన పిల్లలు ఇంకా పుట్టలేదు, తల్లుల ఒళ్ళో ఊరికే ఏడుస్తున్నారు. ఆ నెలలో ఎవరో గొర్రెని అమ్మితే, కొన్నవాడూ అమ్మినవాడూ చెరో కాలు పట్టుకుని లాగారు. అన్నిటికంటే వింత మా పక్కింటి బిట్టోకి జరిగింది. దాని మొగుడు సిమ్మియా ఆ నెలలోనే ఇంటికప్పు వేస్తూ జారిపడి పోయాడు. నేను బిట్టో ఇంట్లో పప్పు గింజలు ఏరుతూ ఉండగా సభ బంట్రోతు వచ్చాడు.

"సిమ్మియా రేపు కోటగోడ మీద కాపలాకి రావాలి" అన్నాడు.

"ఆయన పోయాడు నాయనా" అంది బిట్టో.

"ఎప్పుడు?"

"మొన్న, థెరాను నెలలో."

"ఆ నెల లేదమ్మా. లేని నెలలో ఎలా పోతాడు?"

బిట్టో చేటలో గింజలు అలాగే వదిలేసి అతని మొహంలోకి చూసింది. "అయితే నువ్వే వెళ్ళి పిలుచుకో. ఊరవతల దేవదారు చెట్ల దగ్గర పడుకుని ఉన్నాడు. లేస్తే నాక్కూడా కబురుచెయ్యి, కప్పు సగమే వేసి పోయాడు."

బంట్రోతు నిజంగానే వెళ్ళాడు. కాసేపు నిలబడి తిరిగొచ్చి, పిలిచినా రాలేదని సభకి విన్నవించాడు. రాజాజ్ఞ ధిక్కరించినందుకు సిమ్మియా మీద తీర్మానం ఒకటి ఆమోదించారు.

సరే, మా ఇంట్లో మాత్రం మిర్తో మొహం వెలిగింది. "అమ్మమ్మా, ఆ నెల జరగలేదంటే అమ్మవారి నెల మళ్ళీ తన చోటికే వచ్చినట్టేగా? ఇప్పుడొచ్చే అమావాస్య పోతే పెళ్ళి మాసమేగా?"

"అంతేనే తల్లీ. సభవాళ్ళు పొరపాటున ఒక మంచి పని చేశారు."

నువ్వులు దంచాం. తేనె తెచ్చాం. లాంపోను గుమ్మానికి కొత్త సున్నం వేసుకున్నాడు. అమావాస్యకి ముందే మెలాంథు రాజు నౌకాదళపతి గోర్గు వచ్చాడు. మెడ లేని మనిషి, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంటుంది. మెట్లెక్కుతూ నా బుట్టలోంచి గుప్పెడు శనగలు తీసుకుని లోపలికి పోయాడు. తింటూనే మాట్లాడాడు.

"మా ప్రభువులు ఎల్లుండి వేంచేస్తున్నారు. ఒక్క పూట ఉంటారు. మీ ఊరి పండగలు గొప్పవని విన్నారు, అన్నీ చూస్తారు. మర్నాడు దండయాత్రకి బయల్దేరతారు. ఓడలకి తెడ్లు వేసేవాళ్ళు కావాలి. పెళ్ళాం లేని మగవాళ్ళందర్నీ ఎక్కిస్తాం."

"పెళ్ళాం ఉన్నవాళ్ళని వదిలేస్తారా?" అని ఎవరో ఆశగా అడిగారు.

"పెళ్ళాం ఉన్నవాడు చస్తే విధవకి రాజుగారు తిండి పెట్టాలి. అది ప్రభుత్వానికి భారం. పెళ్ళాం లేనివాడు చస్తే చస్తాడు, అంతే."

నా చేతిలో శనగలు కొలిచే గిన్నె అలాగే ఉండిపోయింది. ఎల్లుండి. పెళ్ళి మాసం ఇంకా రాలేదు. లాంపోనుకి పెళ్ళాం లేదు.

లోపల కర్కినో గొంతు వినిపించింది. "అయ్యా, చలికాలం సముద్రం మూసి ఉంటుంది. వసంతమాసం వచ్చేదాకా మా రేవు నించి ఓడ కదలదు. అది సముద్రదేవుడికి మా తాతలు ఇచ్చిన మాట."

గోర్గు నమలడం ఆపాడు. "వసంతం ఎప్పుడొస్తుంది?"

"వసంతంలో."

అప్పుడు పెరిలావు లేచాడు.

"దళపతిగారు చింతించవలదు. వసంతాన్ని ఎల్లుండి సాయంత్రానికి తెప్పిస్తాం."

ఎలా అని గోర్గు కూడా అడగలేదు. పెరిలావే చెప్పాడు. రాజుగారు పండగలన్నీ చూడాలన్నారు. పండగలు ఏడాది పొడుగునా ఉంటాయి. కనుక ఏడాదినే ఆ పూటకి పిలిపించాలి. న్యాయస్థానంలో వాదనలు కొలిచే నీటికుండ ఒకటుంది, అడుగున సింహం నోరు, ఆ నోట్లోంచి నీళ్ళు కారతాయి. కుండ నిండా నీళ్ళు పోస్తే అవి కారిపోయేదాకా ఒక మాసం. ఖాళీ అయితే మళ్ళీ నింపుతారు, అది ఇంకో మాసం. అలా పన్నెండు మాసాలు ప్రభువుల ఎదుటే నడిపిస్తారు. వసంతమాసం రాగానే సముద్రం తెరుచుకుంటుంది, మర్నాడు ఓడలు కదలొచ్చు.

"ఈ కుండని రాజకాలభాండంగా ప్రకటించడమైనది" అన్నాడు పెరిలావు. "ఇది ప్రభువుల దివ్యకాలం. కనుక ఇది దేవుడే. దేవుడికి జరిగే మర్యాదలన్నీ దీనికి జరగవలెను. భాండాన్ని కదిపినవాడూ, అందులో చెయ్యి పెట్టినవాడూ దైవద్రోహి. దేవుడు తనంతట తాను ముగించేదాకా మాసం ముగియదు."

చేతులన్నీ లేచాయి. గోర్గు కూడా ఎత్తాడు, శనగలున్న చెయ్యి.

పెరిలావు బయటికొచ్చేసరికి నేను మెట్టు మీద అడ్డం కూర్చున్నాను.

"నాయనా పెరిలావూ, పెళ్ళి మాసం కూడా ఒక్క కుండేనా?"

"అన్ని మాసాలూ సమానమే అవ్వా. సభకి పక్షపాతం లేదు."

"ఊళ్ళో పెళ్ళికి కుదిరిన జంటలన్నీ ఒక్క కుండ నీళ్ళలో ఎలా అవుతాయి నాయనా?"

"త్వరగా" అన్నాడు, నన్ను దాటుకుని పోయాడు.

ఇంటికెళ్ళి అదే కొలత కుండ ఒకటి తీసుకుని, అడుగున బెజ్జం చేసి నీళ్ళు పోసి, పొయ్యి మీద పప్పు వేసి చూశాను. పప్పు ఒక్క పొంగు రాకముందే నీళ్ళు అయిపోయాయి. పెళ్ళంటే ఊట నీళ్ళు తెచ్చి పిల్లకి పోయాలి, వంశపెద్దల ముందు మాట ఇవ్వాలి, ముసుగు తియ్యాలి, పెళ్ళికొడుకు పిల్ల మణికట్టు పట్టుకుని తన ఇంటికి నడిపించాలి, పొయ్యి దగ్గర ఇద్దరి మీదా ఎండు అత్తిపళ్ళూ గింజలూ పొయ్యాలి. అన్నీ ఆ మాసంలోనే ముగియాలి. లాంపోను ఇల్లు రేవు అవతలి కొస, కొండెక్కాలి.

లాంపోను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నేను నీళ్ళ అడుగున ఉన్నంతసేపైనా దొరికితే సగం పెళ్ళవుతుంది అవ్వా" అన్నాడు.

"మిగతా సగం ఎవత్తెతో చేసుకుంటావు?" అంది మిర్తో. అని, చటుక్కున వెనక్కి తిరిగి దంచిన నువ్వులనే మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. దాని భుజాలు కదులుతున్నాయి గానీ అది దంచడం వల్ల కాదని నాకు తెలుసు. ఓడెక్కినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళని మా ఊరు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంది.

మెలాంథు రాజు వచ్చాడు. బొద్దుగా, ఎర్రగా, ఎప్పుడూ ఆకలి మీద ఉన్నట్టుండే మనిషి. రచ్చబయలులో సింహాసనం వేశారు. ఎదురుగా కుండ. దాని పక్కన నీళ్ళ మోతగాళ్ళు, అరిచి చెప్పడానికి ఊళ్ళో దండోరా వేసే మోస్కోను. రేవు నించి మంచులాంటి గాలి వీస్తోంది.

"గ్రీష్మమాసం ప్రవేశించింది!" అని మోస్కోను అరిచాడు.

సభాసదులందరూ పై వస్త్రాలు విప్పేసి విసనకర్రలు అందుకున్నారు. పళ్ళు టకటకమంటుండగా "అబ్బ, ఏం ఎండ, ఏం ఎండ" అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకున్నారు. ఒక ముసలాయన వడదెబ్బ తగిలినట్టు పడిపోవాలి, అది నిర్ణయించిందే. ఆయన చలికి బిగుసుకుపోయి పడ్డాడు. రాజుగారు చప్పట్లు కొట్టారు.

ద్రాక్షకోత మాసం వచ్చింది. చలికాలం ద్రాక్షలెక్కడివి? ముందురోజే ఎండుద్రాక్షలు నానబెట్టి, ఈనెలకి గుచ్చి, గుత్తులు కట్టి పందిరికి వేలాడదీశారు. వాటిని కోసి తొట్టిలో వేసి తొక్కారు. రసం రాలేదు, వెనక నించి పాత సారా పోశారు. రాజుగారికి ఆ మాసం బాగా నచ్చింది. మళ్ళీ కావాలన్నారు. నీళ్ళు నింపి ఇంకోసారి ద్రాక్షకోత జరిపారు. ఇంకోసారి. మూడో పంట అయ్యేసరికి ప్రభువులు సింహాసనంలో పక్కకి ఒరిగి గురకపెట్టారు. గోర్గు పక్కన నిలబడి నోటి మీద వేలుపెట్టాడు. ఆయన్ని నిద్రలేపినవాడి గతి ఏమవుతుందో గోర్గు మొహంలోనే కనిపించింది.

నిద్రపోయినా ఏడాది ఆగదు కదా. విత్తనాల మాసం. రైతు రచ్చబయల్లో ఒక చాలు దున్ని నాగలి తిప్పుతుండగానే మాసం అయిపోయింది, ఎద్దుల్ని సగం మలుపులో ఆపేశారు. తుఫాను మాసం. నలుగురు బల్లల మీద కొడుతూ ఉరిమారు, మెల్లిగా, రాజుగారు లేవకుండా.

మేం ఆడవాళ్ళం పెళ్ళికూతుళ్ళని ముసుగులతో వరసగా నిలబెట్టుకుని ఊపిరి బిగపట్టి ఉన్నాం.

"హేరా అమ్మవారి మాసం ప్రవేశించింది!"

సంతలో దొంగ పడ్డట్టయింది. ఊటనీళ్ళ బిందె ఒకటే, దాన్ని ఎత్తి వరస మీద అంతటా చల్లేశారు. ఎవరి మీద పడితే వాళ్ళకి స్నానమైనట్టే. వంశపెద్దలు గుంపుకి గుంపుగా మాట తీసుకుంటున్నారు. "ఇస్తున్నారా?" "ఇస్తున్నాం!" ఎవరు ఎవర్ని ఇస్తున్నారో అమ్మవారికే తెలియాలి. ఒకడు కంగారులో తన అత్తగారి మణికట్టు పట్టుకుని కొంత దూరం వెళ్ళిపోయాడు. నీళ్ళేమో కారిపోతున్నాయి. లాంపోను మిర్తో చెయ్యి పట్టుకుని కొండవైపు చూశాడు. ఆ కొండ ఆవేళ ఇంకాస్త పెరిగినట్టుంది.

ఏ పెళ్ళికైనా ముందు దేవుళ్ళకి చిమ్మిలి పెట్టాలి. దంచిన నువ్వులూ తేనే కలిపిన ముద్ద. అమ్మవారికి పెట్టాను. సముద్రదేవుడికి పెట్టాను. కుండ ముందుకొచ్చాను. ఇదీ దేవుడేనని సభే అంది కదా, దీనికి మాత్రం మర్యాద తక్కువెందుకు చెయ్యాలి? సింహం నోరు తెరుచుకునే ఉంది. మంచి ముద్ద ఒకటి తీసి ఆ నోట్లో పెట్టాను. బొటనవేలితో కొసరి కొసరి తినిపించాను. దండం పెట్టుకుని పక్కకి జరిగాను.

నీళ్ళు ఆగిపోయాయి.

మోస్కోను వంగి చూశాడు. "అవ్వా! మాసం నడవటం లేదు!"

"తింటున్నాడు నాయనా. నోట్లో ముద్ద ఉండగా ఎవరైనా పరిగెడతారా?"

పెరిలావు పరిగెత్తుకొచ్చాడు. ముద్దని చూశాడు. వేలు చాచాడు, మళ్ళీ ముడుచుకున్నాడు. చెయ్యి పెడితే దైవద్రోహం. కుండ కదిపితే దైవద్రోహం. దేవుడి నోట్లోంచి నైవేద్యం లాక్కోవడానికి శిక్ష ఏమిటో వాళ్ళ తాతలు కూడా రాయలేదు, అలాంటివాడు పుడతాడని వాళ్ళకి తోచలేదు. సభాసదులంతా కుండ చుట్టూ చేరి, రాజుగారు లేవకుండా గుసగుసగా చర్చించారు.

"దేవుడు ఆరగించినట్టే భావించి ముందుకు సాగవచ్చును" అన్నాడొకాయన.

"కనపడుతూనే ఉంది కదయ్యా, ఆరగించలేదు."

"నమలడం మొదలుపెట్టినట్టు నాకు తోస్తున్నది."

చివరికి, దేవుడు నమలడం పూర్తిచేసెనా లేదా అని పరిశీలించి నివేదించడానికి ఒక ఉపసంఘం వేశారు. పెరిలావు దానికి అధ్యక్షుడు. కుండ ముందు పీట వేసుకుని, సింహం దవడల మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు.

ఇక మాకు తొందరేముంది? మళ్ళీ ఊటనీళ్ళు తెప్పించి పిల్లలందరికీ వేడిచేసి పోశాం. ఒక్కో జంటా పెద్దల ముందు నిలబడి నింపాదిగా మాట ఇచ్చుకుంది. లాంపోను మిర్తో ముసుగు తీశాడు. తీసి, అలాగే చూస్తూ నిలబడిపోయాడు.

"ఊపిరి తీసుకోవయ్యా" అంది అది. "ఇది సముద్రం కాదు."

కొండ మీదికి పాడుకుంటూ నడిచాం. పొయ్యి దగ్గర వాళ్ళిద్దరి తలల మీదా నేనే అత్తిపళ్ళు పోశాను. దిగి వచ్చేసరికి ఊరంతా పెళ్ళిళ్ళే. పెళ్ళి మాసం నడుస్తోందనీ, పెళ్ళాం లేనివాళ్ళకి తెడ్లనీ తెలిసి, ఎప్పటెప్పటి బ్రహ్మచారులూ బయటికొచ్చారు. కాటికాపరికి పెళ్ళయింది. ఏళ్ళ తరబడి ఎవరితోనూ మాట్లాడని గొర్రెలకాపరి కొండ దిగి వచ్చి ఒక్క మాట అడిగాడు, ఆ పిల్ల ఒక్క మాట అంది, అయిపోయింది. కర్కినో వచ్చి మా బిట్టో ముందు నిలబడ్డాడు.

బంట్రోతు అడ్డం పడ్డాడు. "కుదరదు! సభ లెక్క ప్రకారం ఈమె భర్త సిమ్మియా బతికే ఉన్నాడు!"

"అయితే పిలువు" అంది బిట్టో. "వచ్చి వద్దని చెప్పమను."

బంట్రోతుకి ఒకసారి పిలిచిన అనుభవం ఉంది. పక్కకి తప్పుకున్నాడు.

పొద్దు వాలుతుండగా రేవు కొస నించి ఒకడు పరిగెత్తుకొచ్చాడు. థెరాను ఓడలు మళ్ళీ కనిపిస్తున్నాయట, ఈసారి చాలా ఎక్కువట. ఆ కేకకి రాజుగారు తమంతట తామే లేచారు. పేలిక కళ్ళ మీదికి జారింది.

"ఏ మాసం?"

"పెళ్ళి మాసం మహాప్రభూ" అన్నాడు మోస్కోను.

"ఇంకానా?" అని, సమాధానం వినకుండానే ఓడ వైపు వెళ్ళిపోయారు, వెళ్ళడమంటే పరుగే.

గోర్గు రచ్చబయలు మధ్యలో నిలబడి అరిచాడు. "తెడ్లకి మనుషులు! పెళ్ళాం లేనివాళ్ళు ముందుకి రండి!"

ఎవరూ కదల్లేదు. మగవాడన్న ప్రతివాడి మోచెయ్యీ ఒక ఆడది పట్టుకుని ఉంది. ప్రతివాడి జుట్టులోనూ అత్తిపళ్ళ గింజలున్నాయి. గోర్గు ఒక్కొక్కళ్ళనీ చూసుకుంటూ వచ్చి కుండ దగ్గర ఆగాడు. పీట మీద పెరిలావు ఒక్కడే ఉన్నాడు, సింహం దవడలు చూస్తూ. ఆ ఉపసంఘం పనిలో పడి ఆయన ఎవర్నీ చేసుకోలేదు.

"నీ పెళ్ళాం ఏదయ్యా?"

"ఈ పట్టణమే నా ఇల్లాలు" అన్నాడు పెరిలావు, అలవాటు మాట.

"నువ్వు పోతే ఈ ఇల్లాలికి రాజుగారు తిండి పెట్టాలా?"

"అబ్బే, ప్రభువులకి అంత శ్రమ..."

"అయితే ఎక్కు."

"దళపతీ! వసంతం రాలేదు! శాస్త్రప్రకారం సముద్రం మూసి ఉన్నది! ఓడ కదలరాదు!"

"రాజుగారికి భయమేసిన రోజు అన్ని నెలలూ వసంతమే" అన్నాడు గోర్గు, ఆయన్ని మెడ పట్టుకుని లేపాడు.

సభలో మిగిలినవాళ్ళు అప్పటికే మల్లయోధుడి బొమ్మ దగ్గర చేరి, థెరాను పేరు మీది మైనం గోకుతున్నారు.

నాకు మనసొప్పలేదు. ఎంతైనా మన ఊరివాడు, ఒళ్ళు వంచి ఎరగడు. గుడ్డలో వేయించిన శనగలూ, ఎండు అత్తిపళ్ళూ, నాలుగు చిమ్మిలి ముద్దలూ మూట కట్టుకుని రేవుకి పరిగెత్తాను. పెరిలావు తెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. తెడ్డుని ఏ వైపు పట్టుకోవాలో పక్కవాడు చూపిస్తున్నాడు. మూట ఒళ్ళోకి విసిరాను.

"అవ్వా" అన్నాడు. సభలో మాట్లాడే గొంతు కాదది, మామూలు గొంతు. చిన్నప్పుడు నా దగ్గర శనగలు కొనుక్కున్నప్పటి గొంతు. "ఆ ముద్ద తీయించెయ్యి. ఊరికి నెల అంటూ మారాలి కదా."

"తియ్యనివ్వను నాయనా" అన్నాను. "నువ్వు తిరిగొచ్చేదాకా పెళ్ళి మాసమే. అది ఉంటేనేగా నీకూ ఒక పిల్లని చూసేది."